పుల్లర్ ఉందా అన్నా?

తిరుపతిలో ఏ బైకు మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ దృశ్యం కనబడుతుంది. విప్పిన ఇంజన్ పక్కన మేస్త్రీ కూచుని ఉంటాడు. కుర్రాడు వీధి చివరి షెడ్డుకు పరుగెడతాడు. "అన్నా, మ్యాగ్నెట్ పుల్లర్ కావాలంట. అర్ధగంటలో తెచ్చిచ్చేస్తా!"

ఎరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. మెకానిక్కుల వీధిలో ఆ సామెత చెల్లదు. స్పానర్లు ఎవరివి వాళ్లకుంటాయి. పుల్లర్ అలా కాదు. ఒక బండికి సరిపోయింది ఇంకో బండి మరల్లో కూచోదు. ఎప్పుడో ఒకసారి వాడే వస్తువులు అన్ని రకాలూ కొనాలంటే చిన్న షెడ్డు వాడికి మనసొప్పదు మరి!

ఇంతకీ అది లేకపోతే పని జరగదా? జరుగుతుంది, సుత్తితో! అక్కడే వస్తుంది చిక్కు. మ్యాగ్నెట్ చక్రం క్రాంక్ షాఫ్ట్ కొసన వాలుగా చెక్కిన భాగం మీద బిగుసుకుని ఉంటుంది. నట్టు తీసినా ఊడిరాదు. పుల్లర్‌ను చక్రం మధ్య మరల్లోకి ఎక్కించి నడిమి బోల్టు తిప్పితే 'టక్'మని వదులుతుంది. సుత్తితో బాదితే అయస్కాంతం పగలొచ్చు, షాఫ్ట్ దెబ్బతినొచ్చు. షాఫ్ట్ పోతే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. చిల్లు పడేది బండి యజమాని జేబుకే. కాబట్టి బండి అప్పజెప్పే ముందు 'పుల్లర్ ఉందా అన్నా?' అని అడగడం తప్పేమీ కాదు.

కొందరు లేత్ షాపులో సొంతంగా చేయించుకుంటారు. కొందరు చెన్నై వెళ్లినప్పుడు పుదుపేటలో వెదుకుతారు. చౌకరకం కొంటే మరలు త్వరగా అరిగి మళ్లీ ఎరువే గతి. ఆ ఎరువుకూ కట్టుబాట్లున్నాయి. గ్రీజు తుడిచి, చీకటి పడకముందే తిరిగివ్వాలి. మర పాడైతే కొత్తది కొనివ్వాలి. ఒకసారి మాట తప్పిన వాడి కుర్రాడికి రెండోసారి వినబడే జవాబు ఒక్కటే... "ఇప్పుడే ఎవరో తీసుకుపోయినారు!"

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు 2020 ఏప్రిల్ 1న గండి పడింది. బీఎస్-6 నిబంధనలతో చాలా కొత్త బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపం కనిపెట్టాలంటే స్కానర్ కావాలి. కొన్ని స్కానర్లు ఒకే కంపెనీ బండ్లకు పనికొస్తాయి. అన్నింటికీ పనికొచ్చేది వేలల్లో పలుకుతుంది. పైగా కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మార్పించాలి. నలుగురూ కలిసి కొందామనుకుంటే అది ఎవరి షెడ్డులో ఉండాలన్న దగ్గరే మాట తెగదు.

స్కానర్ ఉన్నవాడు దాన్ని కుర్రాడి చేతికివ్వడు. బండినే తోసుకు రమ్మంటాడు. చూసినందుకు చార్జీ వేరు.