లా విద్యార్థులు అడిగిన ప్రశ్న

వాతావరణాన్ని కాపాడటం ప్రభుత్వాల ఇష్టాయిష్టాలకు వదిలేసే విషయం కాదనీ, అది చట్టబద్ధమైన బాధ్యత అనీ 2025 జులై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పింది. బాధ్యత ఉల్లంఘించిన దేశం నష్టపరిహారం కూడా చెల్లించవలసి రావచ్చని స్పష్టం చేసింది. ఈ ప్రశ్నను కోర్టు దాకా తీసుకెళ్ళాలన్న ఆలోచన 2019లో ఒక క్లాసురూములో పుట్టింది. వనువాటులోని పోర్ట్ విలాలో లా చదువుతున్న 27 మంది విద్యార్థుల ఆలోచన అది. వాళ్ళు కట్టుకున్న సంఘానికి సోలొమన్ దీవుల అమ్మాయి సింథియా హౌనియుహి అధ్యక్షురాలయ్యారు.

వాళ్ళు చేసిన పని గమనించదగ్గది. పసిఫిక్ దేశాల ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. తమ దీవుల యువతకు వాతావరణ మార్పు గురించీ, దానికీ మానవ హక్కులకూ ఉన్న సంబంధం గురించీ నేర్పడాన్ని సంఘం లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకున్నారు. వనువాటు ప్రభుత్వం ముందుకొచ్చింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఓటింగు అవసరం లేకుండానే తీర్మానం ఆమోదించింది. 2024 డిసెంబరు 2న సింథియా న్యాయమూర్తుల ఎదుట నిలబడి తమ ప్రజల మాట వినిపించారు. అదే విచారణలో భారత ప్రభుత్వం మాత్రం, ఇప్పుడున్న ఒప్పందాలను మించి కొత్త బాధ్యతలు సృష్టించవద్దని కోర్టును కోరింది. ధనిక దేశాల పాత బాకీ గురించి మన ప్రభుత్వం చెప్పింది న్యాయమే. కానీ ఎండలో మట్టి మోసే ఆడకూలీ తన బాకీ ఎవరిని అడగాలి?

హేగ్ కోర్టు చెప్పింది సలహా మాత్రమే, ఎవరినీ జైల్లో పెట్టదు, ఎవరి చేతా డబ్బు కట్టించదు. అయినా మన సుప్రీంకోర్టు కూడా 2024 మార్చి 21న బట్టమేక పిట్ట కేసులో ఇదే దారిలో నడిచింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని చెప్పింది. మన లా కాలేజీల్లో ఎంతమంది ఈ తీర్పును ఊళ్ళోకి తీసుకెళ్ళారు? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. ఆ పాఠం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయింది. వేడిని పెంచే వాయువుల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లకు, మిరపతోటలో కళ్ళు తిరిగి పడిపోయిన తల్లికి ఏం హక్కులున్నాయో తెలియదు.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు వందలమంది చనిపోయారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచిదే. అయితే ఆ డబ్బు రావాలంటే మరణం వడదెబ్బ వల్లనేనని అధికారులు నిర్ధారించాలి. చావని స్త్రీ సంగతి ఏమిటి? మధ్యాహ్నం పని మానుకుంటే పోయిన కూలి, నీళ్ళ కోసం ఇంకో మైలు నడక, మరుగుదొడ్డి లేని పనిచోట నీళ్ళు తాగకుండా ఉగ్గబట్టుకుని తెచ్చుకున్న మూత్రకోశ జబ్బు, ఇవేవీ ఏ లెక్కలోకీ రావు. రాయని నష్టానికి చట్టం ముందు ఉనికి లేదు.

ఇక్కడే లా విద్యార్థినుల అవసరం ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఏ స్త్రీ అయినా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. లా కాలేజీల న్యాయసహాయ శిబిరాలు ఎలాగూ గ్రామాలకు వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్ళు ఉపన్యాసమిచ్చి, ఫొటో దిగి వెళ్ళకుండా చూసుకోవలసింది మన సంఘాలే. వచ్చే వేసవిలోగా ప్రతి మండలంలో ఒక లా విద్యార్థిని, ఒక సంఘ కార్యకర్త కలిసి కూర్చుని స్త్రీల మాటలు రాసుకోవాలని మా సూచన. ఏ తేదీ, ఏ గంట, ఏ పని, ఎంత కూలి పోయింది, ఆసుపత్రి చీటీ ఉందా, మేస్త్రీ నీడా నీళ్ళూ ఇచ్చాడా అన్న వివరాలు చాలు. రాసింది ఆమెకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒక ప్రతి ఆమె దగ్గరే ఉండాలి, ఇంకొకటి మండల న్యాయసేవల కమిటీకి అర్జీతో జతచేసి ఇచ్చి రసీదు తీసుకోవాలి.