తడిసిన ధాన్యం, గుద్దిన కారు

సూర్యాపేట దాటాక నా కారు డివైడర్‌కు గుద్దుకుంది. అల్లా మెహర్బానీ, మాకెవరికీ ఏమీ కాలేదు. కారు ముందుభాగం మాత్రం మొత్తం పోయింది. ఛాసిస్ వంగింది, రెండు ఎయిర్‌బ్యాగులూ తెరుచుకున్నాయి. 2017 మోడల్. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే. అంటే నా రిపేరుకు పైసా రాదు. అమ్మేయడమే మార్గం. ఎంతకి?

ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఖాలూ అన్నారు: "అరే బేటా, పరేషాన్ ఎందుకు? 40 వేలు పెట్టి డెంటింగ్, పెయింటింగ్ చేయించు. ఎయిర్‌బ్యాగు మూతలు అతికించి, లైటు వెలగకుండా చేసేవాళ్లున్నారు. దూరం ఊరివాళ్లెవరికైనా 3 లక్షలకి ఇచ్చెయ్. కారోబార్ మే సబ్ చల్తా!"

నిజం చెప్తాను, ఆ రాత్రి నాకూ ఆ మాట తియ్యగానే అనిపించింది. బిటియా కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది మరి.

ఫజర్‌కు లేచాక ఒకటే ఖయాల్. రేపు ఆ కారులో ముందు సీట్లో కూర్చునేది ఎవరు? ఎయిర్‌బ్యాగు ఉందనే నమ్మకంతో ఎవరి బిడ్డో కూర్చుంటుంది. లోపల ఉండేది ఉత్త ప్లాస్టిక్ మూత. దూరం ఊరివాళ్లయితే, వేరే మజహబ్ వాళ్లయితే ధోకా హలాల్ అయిపోతుందా?

చికెన్ కొట్లో జిబహ్ ఎవరు చేశారని అడుగుతాం. బ్యాంకు వడ్డీ అంటే తౌబా అంటాం. పాత బండి అమ్మేటప్పుడు మాత్రం ఐబ్ దాచడాన్ని హుషారుతనం అంటాం! ఇదేం దీన్‌దారీ?

సహీహ్ ముస్లింలో ఉన్న వాకియా జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు వినలేదు? రసూలుల్లా (స) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే అడుగున తడి తగిలింది. వాన పడిందన్నాడు అమ్మేవాడు. ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు హుజూర్. మోసం చేసేవాడు తనవాడు కాడన్నారు. ఆ తడి ధాన్యమే మన డెంటింగ్ కారు. ఐబ్ బయటపడితే సరుకు వాపస్ ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంది. ఫిఖ్‌లో దాన్ని ఖియార్-ఎ-ఐబ్ అంటారు.

మరి ఇన్సాఫ్ ధర ఎంత? నేను వేసుకున్న హిసాబ్ ఇది. అదే మోడల్, అదే సంవత్సరం కారు సలామత్‌గా ఉంటే 3,60,000 పలుకుతోంది. రెండు వర్క్‌షాపుల్లో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకున్నాను. ఎక్కువది 1,75,000. విప్పాక బయటపడే వాటికి 20 వేలు. యాక్సిడెంట్ బండి అనే పేరుకు 30 వేలు. అన్నీ తీసేస్తే 1,35,000. అంతకంటే ఎక్కువ నా హక్కు కాదు.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు అమ్మే తొందరలో పడకండి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద క్లెయిమ్ వస్తుంది. ముందు సర్వేయర్‌ను పిలవండి.

జుల్మ్ అమ్మేవాడి వైపే ఉంటుందనుకోకండి. నాకు ఫీజు మజ్బూరీ ఉందని తెలిసిన మా రిష్తేదారే ఒకాయన, 60 వేలకి ఇచ్చెయ్ అన్నాడు. కబాడీ రేటు అది. అవసరంలో ఉన్నవాడి గొంతు మీద కాలు పెట్టి బేరమాడటం కూడా ధోకాకు తమ్ముడే. తర్వాత మస్జిద్‌లో ముందు సఫ్‌లో నిలబడితే మాఫ్ అయిపోతుందా?

చివరికి ఒక మెకానిక్‌కు 1,30,000కి ఇచ్చాను. ఎస్టిమేట్లు, గుద్దిన రోజు ఫోటోలు చేతిలో పెట్టాను. ఛాసిస్ ఎక్కడ వంగిందో వేలు పెట్టి చూపించాను. ఫీజుకు తక్కువ పడితే దోస్త్ దగ్గర ఖర్జ్ తీసుకున్నాను. ఇంకా తీరలేదు.

ఖాలూ ఇప్పటికీ నన్ను బేవఖూఫ్ అంటారు. ఆయన చెప్పినట్టు చేస్తే ఖర్చు పోను 2,60,000 మిగిలేవట. నిజమే. ఆ పైన వచ్చే 1,30,000 ఎవరివి ఖాలూజాన్? కొన్నవాడు పిల్లల కోసం కూడబెట్టుకున్నవి. వాటితో నా బిడ్డ ఫీజు కట్టి, ఆ చదువులో బర్కత్ ఇవ్వమని ఏ మొహంతో దువా చెయ్యను?