పురుషప్రయత్నము దైవధిక్కారము కాదు

ఒకపరి శాంతించిన రక్తక్యాన్సరు మరల తలయెత్తినపుడు బంధువులు ఆలయమునకు వచ్చి అడిగెడి ప్రశ్న ఇది: “అయ్యగారూ, ఇంకా వైద్యం వెతకడం దైవనిర్ణయాన్ని ధిక్కరించడం అవుతుందా?” కాదని నా నిశ్చితాభిప్రాయము. ప్రారబ్ధ మెంత శేషించియున్నదో ఎవరికిని తెలియదు. తెలియనిదానిని మిషగా గొని ప్రయత్నమును విడుచుట వైరాగ్యము కాదు, తమోగుణము.

చరకసంహిత చికిత్సను త్రివిధముగా చెప్పినది: మంత్రహోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయము, ఔషధాహారములతో కూడిన యుక్తివ్యపాశ్రయము, మనోనిగ్రహరూపమైన సత్త్వావజయము. మూడింటిని ఒక్కచోటనే చెప్పుట గమనింపదగినది. కావున మృత్యుంజయజపము చేయించుడు. ముహూర్తమునకై చికిత్సను మాత్రము ఆపకుడు. మరియొక నిపుణుని అభిప్రాయమును గొనుడు. రోగి రక్తములోని టి-కణములనే సంస్కరించి తిరిగి ఎక్కించెడి కార్-టి చికిత్స 2023లో మన దేశమున అనుమతి పొందినది. అది అన్ని రక్తక్యాన్సర్లకును కాదు. తగునో లేదో వైద్యులే చెప్పవలెను. మూలకణముల మార్పిడికి ఒక తోబుట్టువు పూర్తిగా సరిపడు అవకాశము నాల్గింట ఒకటి. సరిపడినవారు ఇచ్చునది మహాదానము.

అయితే అన్నియు విని, గ్రహించి, రోగి స్వయముగా “ఇక చాలు” అన్ననాడు ఆ మాటను మన్నించుటయు ధర్మమే. ప్రయత్నము మనది, దేహము ఆతనిది, ఫలము ఈశ్వరునిది.