కోత పెట్టే కంప్యూటరు మనకెందుకు?

2025లో కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోతే ప్రభుత్వమే క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. పత్తికొండ టమాటా ఎన్నిసార్లు రోడ్డుపాలైందో అందరికీ తెలుసు. అందుకే ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలు కావాలంటున్నాం. కెమెరాతో కాయలను ఏరే సార్టర్లు, వేడిని తామే సర్దుకునే డ్రయ్యర్లు రానీ, మంచిదే.

కానీ లెక్క ఎవరి చేతిలో ఉంటుంది? నిన్నటిదాకా దళారి కంటిచూపుతో కోత పెట్టాడు. రేపు కంప్యూటరు చెప్పిందని పెడతారు. దళారితోనైనా కొట్లాడొచ్చు, కంప్యూటరుతో ఎట్లా కొట్లాడేది?

చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఇచ్చారు. అది ప్రజల సొమ్ము. సబ్సిడీ తీసుకున్నోళ్లు తూకం, గ్రేడు రైతు కళ్లముందే తీయాలి. తెలుగులో రసీదు ఇవ్వాలి. పక్కన పడేసిన కాయకు ధర కట్టాలి, లేదా తిరిగివ్వాలి.

ఈ షరతులు రాతపూర్వకంగా సాధించుకుందాం. ఊరూరా కదలండి!