గుడ్డ మీదే మీ కన్ను

మా చెల్లెలి కూతురు మాంట్రియల్‌లో టీచరు చదువు చదివింది. 2022 నవంబర్‌లో ప్రాక్టీసు కోసం వొక ఫ్రెంచి సర్కారు బడికి, అయిదేళ్ల పిల్లల తరగతికి పంపారు. మొదటిరోజు సాయంత్రం ఫోన్ చేసి, "మామూ, నీకు జుట్టుందా అని వొకడు అడిగాడు" అని నవ్వింది. వుందందట. ఎంత పొడుగన్నాడట. నడుందాకా అందట. వాడి విచారణ కమిషన్ అక్కడితో ముగిసింది. మర్నాడు కోటు జిప్పు పట్టలేదని ఆమె దగ్గరికే వచ్చాడు. మూడోరోజుకి పిల్లలకి ఆమె కూడా వొక మదాం, అంతే.

చలిదేశం కదా, ఆటల గంటకి ముందు పెద్ద తతంగం. మంచు ప్యాంట్లు, బూట్లు, చేతితొడుగులు, వూలు టోపీలు, మఫ్లర్లు. పద్దెనిమిదిమందికి తొడిగేసరికి తల ప్రాణం తోకకొస్తుందట. ఎడమచేతి తొడుగు ఎప్పుడూ కనపడదట. బయట పిల్లలవీ, టీచర్లవీ అందరి తలలూ కప్పే వుంటాయి. లోపలికొచ్చాక అందరూ తీస్తారు. మా పిల్ల తియ్యదు. రాజ్యానికి ప్రమాదం అక్కడ మొదలవుతుంది!

క్యూబెక్ రాష్ట్రం 2019 జూన్ 16న లౌకికత చట్టం చేసింది. సర్కారు బడి టీచరు మతచిహ్నం ధరించకూడదు. ఆ ఏడాది మార్చి 28కే పనిలో వున్నవాళ్లకి, అదే పోస్టులో వున్నంతకాలం మినహాయింపు. మా పిల్లని నేర్చుకోవడానికి రానిచ్చారు, ముక్కులు తుడవనిచ్చారు. నేర్చుకున్నాక అక్కడ వుద్యోగం మాత్రం అడగకూడదు. కోర్టుల్లో నిలవదన్న భయంతో హక్కుల పత్రంలోని 33వ సెక్షన్‌ని ముందే అడ్డుపెట్టుకున్నారు. న్యాయమని నమ్మినవాళ్లకి అంత జాగ్రత్త ఎందుకో!

క్యూబెక్ వాళ్ల గోడు నాకు తెలియక కాదు. తరాలపాటు చర్చి వాళ్ల నెత్తినెక్కి కూర్చుంది. 1998 దాకా బడుల బోర్డులు క్యాథలిక్, ప్రొటెస్టెంట్ అని చీలి వుండేవి. ఆ బరువు దించుకోవడం మంచిపనే. ఆ బాకీ మా పిల్ల దగ్గర వసూలు చేస్తారేం? శాసనసభలో 1936 నుంచి వేలాడిన శిలువని ఈ చట్టం వచ్చాకే, 2019 జూలైలో దించారు. మౌంట్ రాయల్ కొండమీద 1924 నాటి శిలువ ఇప్పటికీ రాత్రిళ్లు దీపాలతో వెలుగుతోంది. అది వారసత్వమట. మా పిల్లది మతమట.

ఇది చెబితే హైదరాబాద్‌లో నా లౌకిక మిత్రుడు, "తీసేస్తే పోలా భాయ్, పిల్లల ముందు టీచరు తటస్థంగా వుండాలి కదా" అన్నాడు. మేమిద్దరం వొకే సర్కారు బడిలో చదివాం. పొద్దున్నే సరస్వతి ప్రార్థన. కొత్త గది కడితే కొబ్బరికాయ. నేనూ చేతులు జోడించాను, ఆ రాగం నాకిప్పటికీ ఇష్టమే. దాన్ని మతం అని ఎవరూ అనలేదు, మన సంస్కృతి అన్నారు. ఆ తటస్థత కొలబద్ద అప్పుడెక్కడ దాచారు సోదరా?

నేను పరదాకి వకీలుని కాను. మా చెల్లెలు తల కప్పుకోదు. కూతురు కప్పుకుందని ఏడాదిపాటు తల్లీకూతుళ్లకి మాటల్లేవు. బలవంతంగా కప్పించే మౌల్వీలతో నాకు పాత తగాదా వుంది. బలవంతంగా తీయించేవాళ్లతో అదే తగాదా పెట్టుకుంటే రాత్రికిరాత్రి ఛాందసుణ్ణి ఎలా అయ్యాను?

ఇప్పుడామె నది దాటి ఒటావాలో పాఠం చెబుతోంది. ఒంటారియోలో ఆ చట్టం లేదు. మాంట్రియల్ బడిలో ఆఖరి రోజు ఆ జిప్పు పిల్లాడు, "సోమవారం వస్తావా?" అన్నాడట. ఏం చెప్పావు బేటీ అన్నాను.

"ప్రాక్టీసు అయిపోయిందన్నాను మామూ. అది నిజమేగా."