సున్నా పోయిన బావి

కర్నూల్లో బీటెక్ చదువుతున్న మా మేనకోడలు పోయిన ఆదివారం ల్యాప్‌టాప్ సంకనేసుకుని మా ఇంటికొచ్చింది. వస్తూనే, “మామా, తాత బావిలో నీళ్లు ఆరడుగులకే తగులుతాండాయి!” అంది.

నవ్వొచ్చింది. జమ్మలమడుగు పక్కన మెట్ట పొలంలో, అదీ నడి ఎండాకాలంలో, ఆరడుగులకు నీళ్లా? ఆ మాట వింటే మొదట నవ్వేది ఆ తాతే.

ఆ తాత నాకు సొంత మేనమామ. ఏ కార్తెలో ఎన్ని పదున్ల వాన పడిందీ, బావిలో నీళ్లు గట్టు నుంచి ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయీ ఏళ్ల తరబడి నోటుపుస్తకాల్లో రాసుకుంటూ వచ్చాడు. అంకెలన్నీ తెలుగువే. ౧, ౨, ౩ అని. ఆ పుస్తకాలన్నీ ఈ పిల్ల ఓపికగా టైపు చేసింది, గ్రాఫ్ గీయాలని. గ్రాఫ్ గీసే ప్రోగ్రాముకు తెలుగు అంకెలు అర్థం కావు కదా, ఫైలు మొత్తాన్నీ ఒక్క దెబ్బకు 1, 2, 3ల్లోకి మార్చేసింది. గొడవ అక్కడే మొదలైంది.

తెలుగులో సున్నాలు రెండు. అంకె ౦ ఒకటి, ‘అంకం’లో వచ్చే అక్షరం ం ఇంకొకటి. చాలా ఫాంట్లలో రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి వేరువేరు గుర్తులు. తొందరలో మా పిల్ల ‘౬౦’ అని కొట్టాల్సిన చోట ఆరు పక్కన అక్షరం సున్నా కొట్టింది. మార్పిడిలో ఆరు 6 అయింది, సున్నా అట్లే ఉండిపోయింది. జావాస్క్రిప్ట్‌లో అంకెను చదివే పార్స్‌ఇంట్ అనే ఫంక్షన్, అంకె కానిది ఎదురవగానే ఆగిపోతుంది. అప్పటిదాకా చదివింది 6. అరవై అడుగుల లోతు ఆరడుగులైంది!

దీనికి తోడు మామ ఫోన్లో ఇంకో మాట అన్నాడంట: “పాపా, నా రాత నా మాదిరే ఉండనీ. నీ లెక్కకు కావాల్సినకాడ మార్చుకో.” అంటే ఫైలు మొత్తం మార్చకూడదు, కావాల్సిన ముక్కే మార్చాలి. ఎంచుకోవడం మనిషి పని, మార్చడం యంత్రం పని. ఇట్లాంటి పనికి రైట్ క్లిక్ మెనూను మించింది లేదు.

తను వాడేది వీఎస్ కోడ్. మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఉచిత ఎడిటర్. దానికి మన సొంత ఎక్స్‌టెన్షన్ రాసుకోవచ్చు. ఇద్దరం కూర్చున్నాం.

ప్యాకేజ్ డాట్ జేసన్ అనే ఫైల్లో ‘కాంట్రిబ్యూట్స్’ అనే భాగం ఉంటుంది. అందులో రెండు చోట్ల రాయాలి. ‘కమాండ్స్’ కింద మన ఆదేశానికి ఒక ఐడీ, తెరమీద కనబడే పేరు. మా పిల్ల పెట్టిన పేరు ‘అంకెలు మార్చు’. ‘మెనూస్’ కింద ‘ఎడిటర్/కాంటెక్స్ట్’ అని రాసి, దాంట్లో అదే ఐడీ. ఇక మూడోది, అసలు కోడ్‌లో రిజిస్టర్‌కమాండ్ దగ్గర మళ్లీ అదే ఐడీ. కోడ్‌లో రాసే ఈ ఐడీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా, మెనూలో పేరు కనబడుతుంది, నొక్కితే మాత్రం కమాండ్ దొరకలేదంటుంది. మాకు అరగంట అక్కడే పోయింది.

‘వెన్’ అనే షరతును మాత్రం మరిచిపోవద్దు. అక్కడ ఎడిటర్‌హ్యాజ్‌సెలెక్షన్ అని రాస్తే, ఏదైనా టెక్స్ట్ సెలెక్ట్ చేసినప్పుడే మన మాట మెనూలో కనబడుతుంది. లేకపోతే కనబడదు. ప్రతి ఎక్స్‌టెన్షనూ ఎప్పుడు పడితే అప్పుడు మెనూలోకి దూరితే, కాపీ, పేస్ట్ వెతుక్కోవడానికే పొద్దుపోతుంది. ‘గ్రూప్’ దగ్గర నావిగేషన్ అని రాస్తే మన మాట పై వరుసల్లోకి వస్తుంది.

మార్చే కోడ్ చిన్నదే. యూనికోడ్‌లో ౦ నుంచి ౯ దాకా పది అంకెలూ వరుసగా ఉంటాయి కాబట్టి ఒక్క తీసివేతతో పని అయిపోతుంది. దానికి ఒక నియమం కలిపాం: అంకె వెనకాలే అక్షరం సున్నా వస్తే దాన్నీ 0గానే లెక్కపెట్టాలి. అంకె మీద అక్షరం సున్నాకు పనేముంది? ఎఫ్5 నొక్కితే పరీక్షకు వేరే విండో తెరుచుకుంది. సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే ‘౬ం’ కాస్తా 60 అయింది. తప్పు పోతే కంట్రోల్ జెడ్ ఒక్కసారి కొడితే చాలు, తాత రాత వెనక్కొస్తుంది.

గ్రాఫ్ సరిగ్గానే వచ్చింది, ఒక్క ఏడాది తప్ప. ఆ ఏడు వేసవిలో గీత నేరుగా గట్టు దాకా ఎక్కింది. పుస్తకంలో చూస్తే అక్కడ ఒంటరిగా ‘౦’ ఉంది. లోతు సున్నా అంటే బావి నిండా నీళ్లని కదా లెక్క! మామకు ఫోన్ చేశాను.

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. “ఆ యేడు కొల్చేకి నీళ్లు యాడుండాయి అల్లుడూ? తాడు అడుక్కు తగిలింది. సున్నా రాసినా. ఎద్దుల్ని అమ్మింది ఆ యేడే” అన్నాడు.

ఆ సున్నా ఏమిటో యూనికోడ్‌కూ తెలియదు, మా కోడ్‌కూ తెలియదు. మా పిల్ల నోరెత్తకుండా ఇంకో నియమం రాసింది: ఒంటరి సున్నా కనబడితే మార్చకుండా వదిలెయ్యాలి, ‘మనిషిని అడుగు’ అని తెరమీద చెప్పాలి. గ్రాఫ్‌లో ఆ ఏడాది దగ్గర గీత తెంపి, కింద ‘బావి ఎండింది’ అని రాసింది.

మీ ఇంట్లోనూ అటక మీద ఇట్లాంటి పుస్తకం ఉంటే, టైపు చేయడం మొదలుపెట్టే ముందు రాసినాయన పక్కన ఒక పూట కూర్చోండి. అడగాల్సినవి ఆయన ఉన్నప్పుడే అడగాలి.