పశువైద్యశాలకు దిక్కెవరు?

పాల ఉత్పత్తిలో మన దేశానిది ప్రపంచంలోనే అగ్రస్థానమని ఏలినవారు చెప్పుకోని వేదిక లేదు. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన పాలు 23.9 కోట్ల టన్నులు. వరి, గోధుమ పంటలు రెండింటి విలువ కలిపినా పాల విలువకు సాటిరాదన్నది ప్రభుత్వం తరచు ఉటంకించే మరో ఘనత. ఆ పాలలో అత్యధిక భాగం రెండు మూడు పశువులను సాకుతున్న సన్నకారు రైతుల, భూమిలేని కూలీల కొట్టాల నుంచి వస్తున్నదే. ఆ కొట్టంలో గేదె మేత ముట్టకపోతే, ఈనలేక నొప్పులు పడుతుంటే ఆ కుటుంబం పరుగెత్తేది సమీప పట్టణంలోని ప్రభుత్వ పశువైద్యశాలకే. అక్కడ తలుపు తీసే మనిషి ఉన్నాడా, తీసిన మనిషికి వైద్యం వచ్చునా అన్న ప్రశ్నలకు మాత్రం ఉత్పత్తి గణాంకాలలో సమాధానం దొరకదు.

జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లో ఇచ్చిన నివేదికలో 5 వేల పశువులకు ఒక వైద్యుడు చొప్పున ఉండాలని సూచించింది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైగా, గేదెలు, దున్నలు దాదాపు 11 కోట్లు ఉన్నాయి. ఈ 30 కోట్లకే 60 వేల మంది వైద్యులు క్షేత్రస్థాయిలో పనిచేస్తూ ఉండాలి. 22 కోట్లకు మించిన గొర్రెలు, మేకలు, ఆపైన కోళ్లు ఈ లెక్కలో చేరలేదు. పశువైద్యుల కొరతను పార్లమెంటు స్థాయీ సంఘం పలుమార్లు ఎత్తిచూపింది. పట్టా పుచ్చుకున్న వారందరూ పశువుల చెంతకు వస్తున్నారనుకోవడం కూడా పొరపాటే. బోధనలో, బ్యాంకులలో, మందుల కంపెనీలలో, కోళ్ల పరిశ్రమలో, విదేశాలలో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. అయిదున్నరేళ్లు చదివిన యువతీయువకులు మెరుగైన బతుకు వెతుక్కుంటే వారిని నిందించి ప్రయోజనం లేదు.

అయితే వైద్యుల సంఖ్య ఒక్కటే చూసి ఊరుకుంటే సమస్యలో సగం కంటికి ఆనదు. పశువైద్యశాల అంటే డాక్టరు గారి గది, మందుల బీరువా, ఆవరణలో పశువును నిలబెట్టే ఇనుప చట్రం మాత్రమే కాదు. డాక్టరు, కాంపౌండరు, అటెండరు ముగ్గురూ కలిస్తేనే అది వైద్యశాల అవుతుంది. గేదెలలో తరచు కనిపించే గర్భసంచి మెలికనే ఉదాహరణగా తీసుకుందాం. నెలలు నిండిన గేదెకు నొప్పులు వస్తాయి, దూడ మాత్రం బయటకు రాదు. గర్భసంచి తనచుట్టూ తాను తిరిగి, దారి మూసుకుపోయి ఉంటుంది. వైద్యుడు చెయ్యి లోపలికి పెట్టి మెలిక కుడికి పడిందో ఎడమకు పడిందో తేల్చాలి. అటెండరు తాళ్లతో గేదెను మెలిక పడిన వైపుకే పడుకోబెట్టి కాళ్లు బంధించాలి. కడుపు మీద పొడవాటి చెక్కపలక అదిమిపెట్టి, దానిపై కాంపౌండరు నిలబడగా, మిగిలినవారు గేదెను మెలిక తిరిగిన దిశలోనే ఒక్క ఊపున దొర్లించాలి. దొర్లించిన ప్రతిసారీ వైద్యుడు మళ్లీ లోపల పరీక్షించాలి. దిశ తప్పితే మెలిక మరింత బిగుసుకుంటుంది. గంటలు గడిచేకొద్దీ రక్తప్రసారం నిలిచి గర్భసంచి గోడలు చచ్చుబడతాయి. రెండు మూడుసార్లు దొర్లించినా విడకపోతే కడుపు కోసి దూడను తీయడం తప్ప మార్గాంతరం లేదు. అందుకు శస్త్రచికిత్సలో ఆరితేరిన చెయ్యి కావాలి.

ఈ పనిలో ఏ ఒక్కరు లేకపోయినా గేదె దక్కడం దైవాధీనమే. డాక్టరు ఉండి అటెండరు లేకపోతే, అరటన్ను బరువున్న పశువును పడవేసేది ఎవరు? అటెండరు, కాంపౌండరు ఉండి డాక్టరు రెండు మూడు ఆసుపత్రుల ఇన్‌ఛార్జిగా మరో ఊళ్లో ఉంటే, మెలిక ఎటు పడిందో చెప్పేది ఎవరు? పాలిచ్చే గేదె ఖరీదు ఈనాడు వేల రూపాయలతో తేలేది కాదు, లక్ష దాటుతున్న సందర్భాలున్నాయి. బ్యాంకు అప్పుతో కొన్న పశువు చనిపోతే, బీమా సొమ్ముకు కావలసిన శవపరీక్ష ధ్రువపత్రం కోసం కూడా ఆ కుటుంబం మళ్లీ ఆ డాక్టరు కోసమే ఎదురుచూడాలి.

కింది స్థాయి సిబ్బంది విషయంలో మన ప్రభుత్వాలు చూపుతున్న అలసత్వం మరింత విచారకరం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు నమోదిత వైద్యులది. డిప్లొమా, ధ్రువపత్రం పొందిన సహాయకులు రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన చిన్నపాటి సేవలను వైద్యుని పర్యవేక్షణలో, ఆదేశానుసారం అందించవచ్చు. చట్టం సబబుగానే ఉంది. వైద్యుడే లేని చోట పర్యవేక్షణ ఎవరిదన్న సంగతి మాత్రం అందులో ఉండదు. కృత్రిమ గర్భధారణ కోసం నియమితులైన తెలుగు రాష్ట్రాల గోపాలమిత్రలు, కేంద్ర పథకం కింద శిక్షణ పొందిన మైత్రి కార్యకర్తలు ఆచరణలో ఊరికి డాక్టర్లుగా చలామణి అవుతున్న చోట్లు లేకపోలేదు. వారి శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ద్రవ నత్రజని క్యాను మోటారు సైకిలుకు కట్టుకుని ఎండనక వాననక తిరిగేది వారే. కాని పాలజ్వరంతో కూలబడిన ఆవుకు కాల్షియం ఎక్కించేటప్పుడు గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగి ఆవు అక్కడికక్కడే చనిపోతుంది. ఈ జాగ్రత్త కొద్ది నెలల శిక్షణతో అబ్బేది కాదు.

అరకొర వైద్యం చేటు కొట్టం దాటి ఎంత దూరం పోతుందో రాబందుల ఉదంతం చెబుతుంది. పశువులకు నొప్పి తగ్గేందుకు విచ్చలవిడిగా వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కడుపులో చేరి మూత్రపిండాలను దెబ్బతీసింది. దేశంలో కొన్ని రాబందు జాతులు తొంభై శాతానికి పైగా అంతరించాయి. 2006లో ఈ మందును పశువైద్యంలో నిషేధించారు. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతూనే ఉండటంతో, 2015లో వాటి పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించవలసి వచ్చింది. మెలాక్సికామ్ వంటి సురక్షితమైన మందు అందుబాటులో ఉన్నా, దాన్ని ఎంచుకునే వైద్యుడు పశువు దగ్గర ఉండాలి కదా! పొదుగువాపుకు ఎడాపెడా పొడిచే యాంటీబయాటిక్స్ సంగతీ అంతే. సూది వేసిన ఎన్నాళ్ల దాకా పాలు అమ్మరాదో రైతుకు చెప్పేవారు లేకపోతే ఆ మందు పట్టణవాసి కాఫీ కప్పులోకి చేరుతుంది.

ఇక ప్రత్యేక నిపుణుల మాటకు వద్దాం. శస్త్రచికిత్స, ప్రసూతి, వ్యాధి నిర్ధారణ, పౌష్టికాహారం వంటి శాఖలలో పీజీ చేసినవారు మన విశ్వవిద్యాలయాల నుంచి ఏటా వస్తున్నారు. మనుషుల ఆసుపత్రులలో సామాజిక ఆరోగ్య కేంద్రానికి సర్జన్ కావాలి, స్త్రీవైద్య నిపుణురాలు కావాలి అన్న ప్రమాణమైనా ఉంది. పశువైద్యంలో కోళ్ల వ్యాధులు చదివినవారైనా, శస్త్రచికిత్స చదివినవారైనా చాలాచోట్ల ఒకే రకం పోస్టులోకి వెళతారు. ఇనుప తీగలు మింగి గుండె పొరకు గాయమైన గేదె, ప్లాస్టిక్ సంచులతో కడుపు నిండిన పట్టణపు ఆవు ఆపరేషను బల్లే లేని ఆసుపత్రికి వస్తే సర్జన్ చదువు ఏం చేయగలదు? అక్కడ ఆ సర్జన్ చెవిపోగుల నంబర్లు కంప్యూటరులోకి ఎక్కిస్తూ, పథకాల లబ్ధిదారుల జాబితాలు సరిచూస్తూ కాలం వెళ్లబుచ్చవలసి వస్తున్నది.

ఈ లోటును సంచార వాహనాలతో పూడ్చాలని కేంద్రం సంకల్పించింది. లక్ష పశువులకు ఒక బండి, అందులో ఒక వైద్యుడు, ఒక సహాయకుడు, ఒక డ్రైవరు, పిలుపుకు 1962 నంబరు. బండి ఖరీదు మొత్తం, నడిపే ఖర్చులో సాధారణ రాష్ట్రాలకు 60 శాతం కేంద్రం భరిస్తుంది. ఆలోచన మంచిదే. గంటల తరబడి పశువును నడిపించలేని రైతుకు ఇది ఊరటే. అయితే బండిలో ఎక్కిన వైద్యుడు ఆకాశం నుంచి ఊడిపడడు. ఉన్న కొద్దిమందిలోంచే కాంట్రాక్టు మీద తెచ్చుకుంటే ఆసుపత్రిలో కుర్చీ ఖాళీ అయి బండిలో సీటు నిండుతుంది. మెలిక పడిన గేదెను దొర్లించడానికి బండిలో వచ్చిన ముగ్గురు చాలరు కూడా.

సిబ్బంది ఉంటే ఏం సాధించగలరో ఈ దేశానికి తెలియనిది కాదు. పల్లెలలో పెద్దరోగంగా పేరుపడి మందలకు మందలను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్‌ను ఊరూరా తిరిగి టీకాలు వేసి తరిమినది ఈ కాంపౌండర్లు, అటెండర్లు, చిన్న పట్టణాల డాక్టర్లే. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచం ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్లు ప్రకటించారు. అదే వ్యవస్థ సన్నగిల్లిన తరువాత వచ్చిన ముద్దచర్మ వ్యాధి ఏం చేసిందో కూడా చూశాము. 2019లో బంగ్లాదేశ్‌లో, ఒడిశాలో బయటపడిన ఆ వ్యాధి 2022లో రాజస్థాన్, గుజరాత్, పంజాబ్, హర్యానాలను చుట్టుముట్టింది. మేకల మశూచి టీకానే ఆవులకు వేసుకోవలసి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే ఆ ఏడాది లక్షన్నరకు పైగా పశువులు మరణించాయి.

రాజ్యాంగం ప్రకారం పశువైద్యం రాష్ట్రాల జాబితాలోనిది. అంటువ్యాధులు రాష్ట్రాల సరిహద్దులు దాటకుండా చూడటం ఉమ్మడి జాబితాలోనిది. అందుచేత తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి వీలు చిక్కింది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రెండేళ్ల పశు ఆరోగ్య పథకానికి 3,880 కోట్ల రూపాయలు ఆమోదించి, చౌకగా పశువుల మందులు అందించే ఏర్పాటునూ అందులో చేర్చింది. మందులు చౌక కావడం హర్షణీయమే. ఈ నిధులతో పాటు రాష్ట్రాలపై ఒక షరతు పెట్టి ఉంటే మరింత బాగుండేది: ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక శస్త్రచికిత్స నిపుణుడు, ఒక ప్రసూతి నిపుణుడు, ఆపరేషను బల్ల, ప్రయోగశాల సహాయకుడు ఉన్న ఆసుపత్రి ఒకటైనా నడవాలి. పీజీ చదివినవారిని ఆ చదువుకు తగిన పోస్టులోనే ఉంచాలి. కాంపౌండరు, అటెండరు పోస్టులను పదవీ విరమణలతో పాటే రద్దయ్యేలా వదిలివేయకుండా ఎప్పటికప్పుడు భర్తీ చేయాలి. అలాంటి ఆసుపత్రి ఆవరణలోనే వారికి క్వార్టర్లు కట్టించాలి. గేదెలు ఆఫీసు వేళలు చూసుకుని ఈనవు.